మానసిక రోగులలో అతి జలపానం – ఔషధ చికిత్స

విషయక్రమం

14.0 లక్ష్యాలు
14.1 పరిచయం
14.2 అతి జలపానం – లక్షణాలు
14.3 నీరు ఎప్పుడు ప్రమాదకరమవుతుంది?
14.4 వ్యాధి నిర్ధారణ
14.5 ఔషధ చికిత్స
14.5.1 ఇప్పటికే వాడుతున్న మందుల సమీక్ష
14.5.2 తాగడాన్ని తగ్గించే మందు – క్లోజపిన్
14.5.3 మూత్రపిండాల మీద పనిచేసే మందులు
14.5.4 ఇతర ప్రయత్నాలు
14.6 అత్యవసర చికిత్స
14.7 మందులతో పాటు చేయవలసినవి
14.8 సారాంశం
14.9 కీలక పదాలు
14.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు
14.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

14.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు ఈ కింది పనులు చేయగలుగుతారు:

• మానసిక రోగులలో కనిపించే అతి జలపానాన్ని గుర్తించి వివరించడం
• ఎక్కువ నీరు రక్తంలోని సోడియంను ఎలా తగ్గిస్తుందో లెక్కతో చూపడం
• ఈ స్థితికి వాడే మందులలో ఏది శరీరంలో ఎక్కడ పనిచేస్తుందో వేరు చేసి చెప్పడం
• మందులతో పాటు సంరక్షకులు ఏం చేయాలో, ఏం చేయకూడదో తెలపడం

14.1 పరిచయం

గత భాగంలో స్కిజోఫ్రీనియా లక్షణాలను, దానికి వాడే యాంటీసైకోటిక్ మందులను తెలుసుకున్నాం. ఆ వ్యాధితో చాలా ఏళ్లుగా బాధపడుతున్న వారిలో కొందరికి మరో చిక్కు వస్తుంది. వారు రోజంతా నీళ్లు తాగుతూనే ఉంటారు. ఇంట్లోవారికి ఇది జబ్బులా కనిపించదు. “నీళ్లే కదా, తాగనివ్వండి” అంటారు. మద్యం, పొగాకు, మత్తుమందుల విషయంలో ఉండే జాగ్రత్త నీటి విషయంలో ఎవరికీ ఉండదు.

తరగతిలో ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ విద్యార్థులు నన్ను అడిగే మొదటి ప్రశ్న, “నీళ్లు తాగితే మనిషి చనిపోతాడా, సార్?” అని. చనిపోవచ్చు. తక్కువ సమయంలో, శరీరం బయటికి పంపగలిగిన దానికన్నా ఎక్కువ నీరు లోపలికి వెళితే మెదడు ఉబ్బి ప్రాణం మీదికి వస్తుంది. అయితే దాదాపు ప్రతి సందర్భంలోనూ ముందే గుర్తిస్తే దీన్ని నివారించవచ్చు. అందుకే డిగ్రీ స్థాయిలో మానసిక ఆరోగ్యం చదివే మీకు ఈ పాఠం అవసరం.

ఒక విషయం ముందే గుర్తుంచుకోండి. “దాహాన్ని ఆపే మాత్ర” అంటూ ప్రత్యేకంగా ఏదీ లేదు. వాడే మందులన్నీ వేర్వేరు చోట్ల పనిచేస్తాయి. ఏ మందు ఎక్కడ పనిచేస్తుందో తెలిస్తే, దాని నుంచి ఏం ఆశించవచ్చో, ఏం ఆశించకూడదో మీకే అర్థమవుతుంది.

14.2 అతి జలపానం – లక్షణాలు

అవసరానికి మించి పదే పదే ద్రవాలు తాగడాన్ని వైద్య పరిభాషలో పాలిడిప్సియా అంటారు. మధుమేహం వంటి శారీరక కారణమేదీ లేకుండా మానసిక రోగులలో కనిపించే దానిని సైకోజెనిక్ పాలిడిప్సియా అంటారు. ఈ పాఠంలో దీనిని అతి జలపానం అని వ్యవహరిద్దాం. దీర్ఘకాలం ఆసుపత్రిలో ఉండే మానసిక రోగులలో 6 నుంచి 20 శాతం మందిలో ఇది ఉండవచ్చని సాధారణంగా అంచనా వేస్తారు. వీరిలో ఎక్కువమంది స్కిజోఫ్రీనియా ఉన్నవారే. బుద్ధిమాంద్యం, బైపోలార్ రుగ్మత ఉన్నవారిలోనూ ఇది కనిపిస్తుంది.

దీనిని వైద్యులు గమనించడం కొత్తేమీ కాదు. 1923లో అమెరికా వైద్యుడు రౌన్‌ట్రీ అధిక జలం వల్ల కలిగే విషప్రభావాన్ని వర్ణించాడు. 1930ల ప్రారంభంలో హాస్కిన్స్, స్లీపర్ అనే పరిశోధకులు స్కిజోఫ్రీనియా రోగులు మామూలు మనుషులకన్నా చాలా ఎక్కువ మూత్రం విసర్జిస్తున్నట్లు గుర్తించారు. ఆ కాలానికి యాంటీసైకోటిక్ మందులు ఇంకా రాలేదు. కాబట్టి అతి జలపానం కేవలం మందుల దుష్ఫలితం కాదని, వ్యాధితోనే ముడిపడి ఉందని దీనినిబట్టి తెలుస్తుంది.

సంరక్షకులు గమనించదగిన గుర్తులు ఇవి: చేతిలో ఎప్పుడూ చెంబో సీసానో ఉండటం, తరచూ కొళాయి దగ్గరికి వెళ్లడం, పదే పదే మూత్రానికి వెళ్లడం, రాత్రి పక్క తడపడం, మధ్యాహ్నానికి పొట్ట ఉబ్బి కనిపించడం, వాంతులు. నీళ్లు దాచేస్తే స్నానాల గది బకెట్‌లోవి, మరుగుదొడ్డిలోవి కూడా తాగేవారున్నారు. “ఎందుకు తాగుతున్నారు?” అని అడిగితే అందరూ దాహమని చెప్పరు. “లోపల మురికి పోతుంది” అని ఒకరు, “తాగితే మనసు తేలికపడుతుంది” అని మరొకరు, “తాగమని గొంతు చెబుతోంది” అని ఇంకొకరు చెబుతారు. ఈ జవాబులను తీసిపారేయకూడదు. చికిత్స ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పేవి అవే.

14.3 నీరు ఎప్పుడు ప్రమాదకరమవుతుంది?

ఆరోగ్యవంతుని రక్తంలో సోడియం లీటరుకు 135 నుంచి 145 మిల్లీఈక్వివలెంట్లు ఉంటుంది. రక్తం పలచబడగానే మెదడులోని హైపోథాలమస్ దానిని పసిగట్టి, పీయూష గ్రంథి నుంచి వాసోప్రెసిన్ అనే హార్మోను విడుదలను ఆపుతుంది. వాసోప్రెసిన్ మూత్రపిండాలకు “నీటిని పట్టి ఉంచు” అని చెప్పే హార్మోను. అది ఆగితే మూత్రపిండాలు అదనపు నీటిని పలుచని మూత్రంగా పంపేస్తాయి.

ఈ శక్తికి ఒక హద్దు ఉంది. మనం తినే ఆహారం నుంచి రోజూ మూత్రంలోకి వెళ్లవలసిన లవణాలు, యూరియా వంటి పదార్థాలు సుమారు 600 నుంచి 900 మిల్లీఆస్మోల్‌లు ఉంటాయి. మూత్రం ఎంత పలచబడినా లీటరుకు దాదాపు 50 మిల్లీఆస్మోల్‌లకన్నా పలచబడదు. 600ను 50తో భాగిస్తే 12 లీటర్లు, 900ను భాగిస్తే 18 లీటర్లు. అంటే బాగా తినే మనిషి రోజుకు 12 నుంచి 18 లీటర్ల నీటిని బయటికి పంపగలడు. తిండి సరిగా తినక 300 మాత్రమే ఉన్న రోగికి ఈ హద్దు 6 లీటర్లకు పడిపోతుంది. అన్నం మానేసి టీ, నీళ్లతో గడిపే రోగికి ప్రమాదం ఎక్కువ కావడానికి కారణం ఇదే. గంటల లెక్కలో చూస్తే గంటకు సుమారు ఒక లీటరు కన్నా వేగంగా తాగినా ప్రమాదమే.

మరి ఇన్ని లీటర్లు తాగనివారికి కూడా సోడియం ఎందుకు పడిపోతుంది? 1988లో గోల్డ్‌మన్, లూచిన్స్, రాబర్ట్‌సన్ ప్రచురించిన అధ్యయనం దీనికి జవాబు చూపింది. సోడియం తగ్గే రోగులలో, రక్తం పలచబడినా వాసోప్రెసిన్ పూర్తిగా ఆగడం లేదు. పైగా మూత్రపిండాలు దానికి ఎక్కువగా స్పందిస్తున్నాయి. మానసిక లక్షణాలు ఉధృతమైనప్పుడు, వికారం కలిగినప్పుడు, పొగతాగినప్పుడు, కొన్ని మందులు వాడినప్పుడు కూడా ఈ హార్మోను పెరుగుతుంది. కాబట్టి ఇక్కడ లోపాలు రెండు: ఎక్కువ తాగడం, తాగినది బయటికి పోకపోవడం.

ఒక లెక్క చూద్దాం. ఉదయం 60 కిలోల బరువున్న పురుషుని శరీరంలో నీరు సుమారు 60 శాతం, అంటే 36 లీటర్లు. అతని సోడియం 140 అనుకుందాం. సాయంత్రానికి 4.2 లీటర్ల నీరు లోపల నిలిచిపోయి బరువు 64.2 కిలోలైంది. అప్పుడు సోడియం 140ని 36తో గుణించి 40.2తో భాగిస్తే వచ్చేది సుమారు 125. అంటే బరువు 7 శాతం పెరిగితే సోడియం 15 పాయింట్లు తగ్గింది. ఇదే పద్ధతిలో బరువు 3 శాతం పెరిగితే సోడియం 133కి, 5 శాతం పెరిగితే 129కి వస్తుంది. రక్తపరీక్ష లేకుండానే, తూకపు యంత్రంతో ప్రమాదాన్ని అంచనా వేయవచ్చని ఈ లెక్క చెబుతుంది.

సోడియం తగ్గేకొద్దీ తలనొప్పి, వికారం, తడబాటు, అయోమయం వస్తాయి. తరువాత మూర్ఛ, అంటే ఫిట్స్, అపస్మారకం రావచ్చు. అయోమయాన్ని “పిచ్చి ముదిరింది” అనుకుని యాంటీసైకోటిక్ మోతాదు పెంచడం తరచూ జరిగే పొరపాటు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – I
1. రోజుకు 400 మిల్లీఆస్మోల్‌ల పదార్థాలు మాత్రమే విసర్జించే రోగి గరిష్ఠంగా ఎన్ని లీటర్ల మూత్రం పోయగలడు?
2. ఉదయం తీసిన రక్తంలో సోడియం మామూలుగా ఉంటే రోగికి ప్రమాదం లేదని చెప్పవచ్చా?

14.4 వ్యాధి నిర్ధారణ

మందు రాసేముందు ఇది నిజంగా అతి జలపానమేనా అని తేల్చుకోవాలి. రక్తంలో చక్కెర చూసి మధుమేహం లేదని నిర్ధారించుకోవాలి. తరువాత రక్తంలో సోడియం, మూత్రం సాంద్రత చూస్తారు. దీనితో మూడు స్థితులను వేరుచేయవచ్చు.

(అ) అతి జలపానంలో మూత్రం చాలా పలచగా ఉంటుంది. సోడియం మామూలుగానో తక్కువగానో ఉంటుంది.

(ఆ) డయాబెటిస్ ఇన్సిపిడస్‌లో కూడా మూత్రం పలచగానే ఉంటుంది. కానీ సోడియం మామూలు స్థాయికి పైఅంచున గానీ, అంతకు మించి గానీ ఉంటుంది. చాలా ఏళ్లు లిథియం వాడినవారిలో ఇది వస్తుంది. వీరు ఎక్కువ మూత్రం పోవడం వల్ల తాగుతున్నారు. వీరికి నీళ్లు ఆపితే ప్రాణాపాయం. అందుకే నిర్ధారణ జరగకుండా ఎవరికీ నీళ్లు కట్టడి చేయకూడదు.

(ఇ) వాసోప్రెసిన్ అనుచితంగా ఎక్కువైన స్థితిలో సోడియం తక్కువగా ఉన్నా మూత్రం చిక్కగానే ఉంటుంది.

ఈ రోగుల సోడియం రోజులో హెచ్చుతగ్గులకు లోనవుతుంది. రాత్రి నిద్రలో తాగరు కనుక ఉదయానికి సోడియం సర్దుకుంటుంది. మధ్యాహ్నం నుంచి పడిపోతుంది. ఆసుపత్రులలో రక్తం తీసేది సాధారణంగా ఉదయమే. కాబట్టి అనుమానం ఉన్నప్పుడు సాయంత్రం కూడా పరీక్ష చేయించాలి.

14.5 ఔషధ చికిత్స

ఏ మందు పేరు విన్నా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది రోగి తాగడాన్ని తగ్గిస్తుందా? మూత్రపిండం నీటిని పంపేలా చేస్తుందా? లేక పడిపోయిన సోడియంను అప్పటికప్పుడు పెంచుతుందా? ఈ మూడూ వేర్వేరు పనులు. వీటిని కలగాపులగం చేస్తే చికిత్స దారితప్పుతుంది.

14.5.1 ఇప్పటికే వాడుతున్న మందుల సమీక్ష

మొదటి అడుగు కొత్త మందు చేర్చడం కాదు, ఉన్న మందుల చీటీ చదవడం. వణుకు, బిగుసుకుపోవడం తగ్గడానికి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్, కుంగుబాటుకు ఇచ్చే అమిట్రిప్టిలిన్ వంటివి నోటిని ఎండబెడతాయి. నోరు ఎండితే రోగి నీళ్లకోసం వెళతాడు. కార్బమజెపిన్, ఆక్స్‌కార్బజెపిన్, ఫ్లూయాక్సెటిన్, సెర్ట్రలిన్ వంటివి నీటిని శరీరంలో నిలిపి సోడియం తగ్గించగలవు. రక్తపోటుకు వాడే హైడ్రోక్లోరోథయాజైడ్ కూడా సోడియం తగ్గిస్తుంది. వీటిలో అవసరం తీరినవాటిని వైద్యుడు తగ్గించినా, బదులుగా వేరేవి ఇచ్చినా కొందరిలో సమస్య గణనీయంగా తగ్గుతుంది. ఈ మార్పు వైద్యుని పర్యవేక్షణలోనే జరగాలి. ఫిట్స్ మందును ఇంట్లో తమంతట తాము ఆపేస్తే ఫిట్స్ రావచ్చు.

14.5.2 తాగడాన్ని తగ్గించే మందు – క్లోజపిన్

అతి జలపానం మీద ఇంతవరకు ఎక్కువ ఆశ కల్పించిన మందు క్లోజపిన్. ఇతర మందులకు లొంగని స్కిజోఫ్రీనియాకు దీనిని వాడతారని మీకు తెలుసు. అలా వాడినప్పుడు కొందరు రోగులు నీళ్లు తాగడం తగ్గించారని, సోడియం స్థిరపడిందని 1990లలో పలు నివేదికలు వచ్చాయి. 1999లో కనూసో, గోల్డ్‌మన్ ప్రచురించిన అధ్యయనంలో కూడా ఈ మందుతో నీటి సమతుల్యత మెరుగుపడింది.

ఇది ఎలా జరుగుతుంది? ఒక వివరణ ఇది: పాత యాంటీసైకోటిక్ మందులు డోపమైన్ డి2 గ్రాహకాలను దీర్ఘకాలం గట్టిగా అడ్డుకోవడం వల్ల ఆ గ్రాహకాలు అతిసున్నితమై దాహాన్ని ప్రేరేపిస్తాయి. క్లోజపిన్ ఈ గ్రాహకాలను వదులుగానే పట్టుకుంటుంది. రెండో వివరణ మరింత సూటిగా ఉంటుంది: మానసిక లక్షణాలు తగ్గితే వాటివల్ల తాగే నీళ్లూ తగ్గుతాయి. ఏది ఎంతవరకు నిజమో ఇంకా చర్చలోనే ఉంది. రిస్పెరిడోన్, ఒలాంజపిన్‌లతో కూడా కొందరికి మేలు జరిగినా, ఫలితాలు ఒకేలా రాలేదు.

క్లోజపిన్ తేలికగా వాడే మందు కాదు. 1975లో ఫిన్లాండ్‌లో ఈ మందు వాడిన కొందరు తెల్లరక్తకణాలు పడిపోయి మరణించడంతో చాలా దేశాలలో దీనిని ఆపేశారు. రక్తపరీక్షల షరతుతో 1989లో అమెరికాలో అనుమతి లభించింది. సాధారణంగా మొదటి 18 వారాలు వారానికొకసారి, తరువాత కొంత ఎడంగా రక్తకణాలు లెక్కిస్తారు. మలబద్ధకం, బరువు పెరగడం, మోతాదు ఎక్కువైతే ఫిట్స్ రావడం దీని ఇతర దుష్ఫలితాలు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ మందు వాడే అతి జలపాన రోగికి ఫిట్స్ వస్తే కారణం మందు కావచ్చు, సోడియం తగ్గడం కావచ్చు. వెంటనే సోడియం చూడకుండా నిర్ణయించకూడదు. అలాగే రోగి హఠాత్తుగా పొగ మానేస్తే రక్తంలో క్లోజపిన్ స్థాయి పెరుగుతుంది. ఆ విషయాన్ని వైద్యునికి చెప్పాలి.

14.5.3 మూత్రపిండాల మీద పనిచేసే మందులు

ఇవి దాహాన్ని ముట్టుకోవు. వాసోప్రెసిన్ ఆజ్ఞ మూత్రపిండానికి చేరకుండా అడ్డుకుని నీటిని బయటికి పంపుతాయి.

డెమెక్లోసైక్లిన్ నిజానికి టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందిన యాంటీబయాటిక్. మూత్రపిండంలో వాసోప్రెసిన్ ప్రభావాన్ని తగ్గించడం దీని దుష్ఫలితం. ఆ దుష్ఫలితాన్నే ఇక్కడ చికిత్సగా వాడతారు. పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది. ఎండ తగిలితే చర్మం కమిలిపోవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. 1991లో అతి జలపాన రోగులపై జరిగిన ఒక చిన్న పరీక్షలో ఇది ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగని తేలలేదు.

టాల్వాప్టాన్ వాసోప్రెసిన్ వి2 గ్రాహకాలను నేరుగా అడ్డుకుంటుంది. 2009లో అమెరికాలో అనుమతి పొందింది. మానసిక రుగ్మతలున్న రోగులలోనూ ఇది సోడియంను పెంచింది. అయితే మూడు హద్దులు గుర్తుంచుకోండి. ఒకటి, మూత్రం అప్పటికే బాగా పలచగా ఉన్న రోగిలో వాసోప్రెసిన్ ఆగిపోయే ఉంటుంది. అడ్డుకోవడానికేమీ ఉండదు కనుక మందు ఉపయోగం తక్కువ. రెండు, ఇది దాహాన్ని పెంచుతుంది. మూడు, సోడియం మరీ వేగంగా పెరిగే ప్రమాదం ఉంది కనుక ఆసుపత్రిలోనే మొదలుపెట్టాలి. కాలేయానికి హాని జరగవచ్చని 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వాడకాన్ని 30 రోజులకు పరిమితం చేసింది. ఏళ్ల తరబడి తాగే రోగికి ఇది శాశ్వత పరిష్కారం కాదని దీనినిబట్టి మీరే గ్రహించవచ్చు.

14.5.4 ఇతర ప్రయత్నాలు

నాలోక్సోన్, నాల్ట్రెక్సోన్, ప్రొప్రనొలాల్, క్లోనిడిన్, ఎనలాప్రిల్, అసిటజోలమైడ్ వంటివి కూడా ప్రయత్నించారు. కొందరు రోగులలో మేలు కనిపించింది. కానీ పరిశీలించిన రోగుల సంఖ్య చాలా తక్కువ. ఈ రంగంలో ఔషధ పరీక్షలన్నింటినీ జల్లెడపట్టిన కోక్రేన్ సమీక్షకు, ప్రమాణాలకు తగినవి రెండు చిన్న పరీక్షలే దొరికాయి. వాటితో ఏ మందు మంచిదో చెప్పడం సాధ్యం కాలేదు. పరీక్షలో జవాబు రాసేటప్పుడు “ఫలానా మందు నయం చేస్తుంది” అని రాయకండి. “కొందరిలో ఉపయోగపడినట్లు నివేదికలున్నాయి” అని రాయండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – II
3. టాల్వాప్టాన్ ఇస్తే రోగి నీళ్లు తాగడం తగ్గిస్తాడా? ఎందుకు?
4. లిథియం వాడుతున్న రోగికి నీళ్లు కట్టడి చేయడానికి ముందు ఎందుకు ఆలోచించాలి?

14.6 అత్యవసర చికిత్స

ఫిట్స్, స్పృహ తప్పడం వంటి తీవ్ర లక్షణాలు వస్తే అప్పుడు కావలసింది మూడో రకం మందు, అంటే సోడియంను పెంచేది. 3 శాతం ఉప్పు ద్రావణాన్ని 100 మిల్లీలీటర్ల చొప్పున సుమారు పది నిమిషాలలో నరం ద్వారా ఇస్తారు. అవసరమైతే మరో రెండుసార్లు ఇస్తారు. లక్షణాలు సద్దుమణగడమే తక్షణ లక్ష్యం. మొదటి 24 గంటలలో సోడియం మొత్తం పెరుగుదల 8 నుంచి 10 పాయింట్లు దాటకుండా చూస్తారు. వేగంగా పెరిగితే మెదడులోని నాడీతంతువుల పొర దెబ్బతిని మాట, మింగడం, కాళ్లు చేతుల కదలిక దెబ్బతినవచ్చు. నీళ్లు తాగడం ఆగగానే ఈ రోగుల మూత్రపిండాలు తమంతట తామే లీటర్లకొద్దీ నీటిని వదులుతాయి, సోడియం దానంతటదే వేగంగా పెరుగుతుంది. అందుకే గంటగంటకూ పరీక్షలు అవసరం.

మన ఊళ్లలో ఎవరైనా పడిపోతే “ఒక గ్లూకోజు సీసా ఎక్కించండి” అనడం అలవాటు. ఈ రోగికి అది చేటు. 5 శాతం గ్లూకోజులోని చక్కెర శరీరంలో ఖర్చైపోయాక మిగిలేది నీరే. స్పృహ వచ్చిందని నీళ్లు పట్టడం కూడా తప్పే. పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. వెళ్లగానే “ఈయన నీళ్లు విపరీతంగా తాగుతారు” అన్న ఒక్క మాట వైద్యునికి చెప్పాలి. ఆ మాట ప్రాణం కాపాడగలదు.

14.7 మందులతో పాటు చేయవలసినవి

మందు ఏదైనా రోజువారీ పరిశీలన లేకుండా పనిచేయదు. ఉదయం లేచి మూత్రానికి వెళ్లాక ఒకసారి, సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో ఒకసారి ఒకే యంత్రం మీద బరువు చూసి రాయాలి. 14.3లోని లెక్క ప్రకారం ఎంత పెరిగితే వైద్యుణ్ణి పిలవాలో ముందే అడిగి తెలుసుకోవాలి. రోజుకు తాగవలసిన నీటిని వైద్యుడు చెప్పిన మేరకు కొలిచి, చిన్న గ్లాసులతో వేళలవారీగా ఇవ్వాలి. నోరు ఎండితే చక్కెర లేని చప్పరించే బిళ్లలు, మంచు ముక్కలు ఇవ్వవచ్చు. లక్ష్యం చేరిన రోజు మెచ్చుకోవడం, ఇష్టమైన పని చేయనివ్వడం ప్రవర్తనా చికిత్సలో భాగం. వేసవిలో చెమట పట్టే రోజుల్లో ఈ కొలతను వైద్యుడు మార్చవలసి ఉంటుంది.

కొళాయికి తాళం వేయడం, రోగిని గదిలో బంధించడం చికిత్స కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని, ఏకాంత నిర్బంధాన్ని నిషేధించింది. గౌరవంగా జీవించే హక్కును గుర్తించింది. సలహా కావాలంటే టెలీ మానస్ సహాయవాణి 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడేవారుంటారు. అయితే ఫిట్స్, అపస్మారకం ఉన్నప్పుడు ఫోన్ సలహాకోసం ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.

14.8 సారాంశం

అతి జలపానం దీర్ఘకాలిక మానసిక రోగులలో కనిపించే, ప్రాణాపాయం కలిగించగల స్థితి. ఎక్కువ తాగడం, తాగినది పూర్తిగా బయటికి పోకపోవడం అనే రెండు లోపాలు కలిసినప్పుడు సోడియం పడిపోతుంది. చికిత్సలో మొదటి అడుగు ఉన్న మందుల సమీక్ష. క్లోజపిన్ కొందరిలో తాగడాన్నే తగ్గిస్తుంది. డెమెక్లోసైక్లిన్, టాల్వాప్టాన్ నీటిని బయటికి పంపడానికి ఉద్దేశించినవి. 3 శాతం ఉప్పు ద్రావణం అత్యవసర స్థితిలో సోడియంను పెంచుతుంది. వీటిలో ఏదీ మిగతా రెండింటి పని చేయదు. గట్టి పరీక్షల ఆధారాలు తక్కువగా ఉన్నందున, ఉదయం సాయంత్రం బరువు చూసే సంరక్షకుని పాత్ర మందు రాసే వైద్యుని పాత్రతో సమానమైనది.

14.9 కీలక పదాలు

పాలిడిప్సియా: అవసరానికి మించి ద్రవాలు తాగడం.
హైపోనేట్రీమియా: రక్తంలో సోడియం 135 కన్నా తగ్గడం.
వాసోప్రెసిన్: మూత్రపిండాలు నీటిని పట్టి ఉంచేలా చేసే హార్మోను.
ఉత్తుత్తి మాత్ర: ఔషధ పరీక్షలో పోలిక కోసం ఇచ్చే, మందు లేని మాత్ర.

14.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు

1. 400ను 50తో భాగిస్తే 8 లీటర్లు.
2. చెప్పలేం. ఉదయానికి సోడియం సర్దుకుని, మధ్యాహ్నం తరువాత పడిపోవచ్చు.
3. తగ్గించడు. ఆ మందు మూత్రపిండం మీద పనిచేస్తుంది; దాహాన్ని పెంచుతుంది కూడా.
4. లిథియం వల్ల డయాబెటిస్ ఇన్సిపిడస్ వచ్చి ఉంటే నీళ్లు ఆపడం ప్రాణాపాయం.

14.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. అతి జలపానానికి వాడే మందులను అవి పనిచేసే చోటును బట్టి వర్గీకరించి వివరించండి.
2. అతి జలపాన రోగులలో సోడియం తగ్గడానికి గల కారణాలను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. క్లోజపిన్ వాడకంలో తీసుకోవలసిన జాగ్రత్తలు ఏవి?
2. ఉదయం 50 కిలోల బరువు, 140 సోడియం ఉన్న పురుషుడు సాయంత్రానికి 52.5 కిలోలయ్యాడు. శరీరంలో నీరు 60 శాతం అనుకుని సాయంత్రపు సోడియంను అంచనా వేసి, సంరక్షకులు ఏం చేయాలో రాయండి.